సంఘ పెద్దల ఎంపిక, అభిషేకం: తొందరపడకుండా చేసే పద్ధతి

"బ్రదర్, వచ్చే నెల మొదటి ఆదివారం ఇద్దరు పెద్దలకు అభిషేకం పెట్టుకున్నాం. కార్యక్రమం ఎలా నడపాలో చెప్పండి." నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. నేను తిరిగి అడిగేది ఒకటే: ఆ ఇద్దరినీ ఎలా ఎంచుకున్నారు? అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, "పాస్టర్ గారు పేర్లు చదివారు, అందరూ ఆమెన్ అన్నారు" అంటారు.

అభిషేక ఆరాధన గంటన్నర పని. దానికి ముందు చేయాల్సిన పని ఆరు నెలలు పడుతుంది. ఈ వ్యాసం ఎక్కువగా ఆ ఆరు నెలల గురించే.

ఇది ముఖ్యంగా స్వతంత్ర సంఘాల కోసం రాస్తున్నాను. సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) గురువులను, అంటే పాస్టర్లను, అభిషేకించేది బిషప్పు గారు. స్థానికంగా మీరు ఎన్నుకునేది పాస్టరేట్ కమిటీని. లూథరన్ సంఘాలకూ వాటి నిబంధనావళి ఉంది. బాప్టిస్టు సంఘాల్లో సాధారణంగా సంఘమే నిర్ణయం తీసుకుని, చుట్టుపక్కల కాపరులను పిలిచి అభ్యర్థిని పరీక్ష చేయిస్తుంది. బ్రదరన్ సహవాసాల్లో పెద్దలే సంఘాన్ని నడుపుతారు. మీది వీటిలో ఏదైనా మీ నియమాలే పాటించండి. 4, 5, 6 అంచెలు మాత్రం ఎవరికైనా పనికొస్తాయి.

1. మనిషి కంటే ముందు పనిని రాయండి

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం వరుసగా చదవండి. ముందు సమస్య వచ్చింది: విధవరాండ్రకు రోజూ పెట్టే భోజనంలో తేడా. తర్వాత ఎంతమంది కావాలో తేలింది, ఏడుగురు. ఎలాంటివాళ్లు కావాలో చెప్పారు. పేర్లు అప్పుడు వచ్చాయి. ప్రార్థన చేసి వాళ్ల మీద చేతులుంచింది అన్నిటికంటే చివర.

మనం తిరగేసి చేస్తాం. ముందు ఒక మంచి మనిషికి గౌరవం ఇవ్వాలనుకుంటాం, ఆ తర్వాత ఆయనకు పని వెతుకుతాం.

తెలుగు బైబిల్లో పెద్ద, అధ్యక్షుడు, పరిచారకుడు అనే మాటలున్నాయి. తీతు 1:5–7లో పెద్ద, అధ్యక్షుడు ఒకరే. మన ఊళ్లలో 'సంఘ పెద్ద' అంటే తల నెరిసినాయన అనే అర్థం కూడా కలిసిపోయింది. అందుకే ఒక తెల్ల కాగితం తీసుకుని ప్రతి పదవికీ ఇవి రాయండి:

□ వారం వారం చేయాల్సిన పని ఏమిటి? (రోగుల ఇళ్లకు వెళ్లడం, గృహ కూడిక నడపడం, కానుకల లెక్క, బోధ)
□ వారానికి ఎన్ని గంటలు?
□ బోధించగలగాలా, అక్కర్లేదా? (పెద్దకు ఆ సామర్థ్యం కావాలని 1 తిమోతి 3:2 అడుగుతుంది. పరిచారకుల జాబితాలో అది లేదు.)
□ ఎవరికి లెక్క చెప్పాలి?
□ ఎన్నేళ్లు?

ఈ కాగితం నింపలేకపోతే ఆ పదవి మీకు అక్కర్లేదన్నమాట.

2. పేర్లు రాకముందే నియమాలు తేల్చండి

ఒకసారి పేరు వచ్చిందంటే ప్రతి నియమమూ ఆ మనిషికి అనుకూలంగానో వ్యతిరేకంగానో కనబడుతుంది. కాబట్టి ముందే రాసి, సంఘంలో చదివి, మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి.

□ ఎంతమంది, ఎంతకాలం. మూడేళ్లు, ఆపైన మరొక్క విడత అనేది మాకు సరిపోయింది.
□ ఓటు ఎవరికి. బాప్తిస్మం పొంది, సభ్యుల రిజిస్టరులో పేరుండి, క్రమంగా వచ్చేవాళ్లకు. రిజిస్టరు ఇప్పుడే సరిచేయండి, ఓటింగు ముందురోజు కాదు.
□ ఒకే ఇంటి నుంచి ఇద్దరు వద్దు. పాస్టర్ గారి బావమరిది ట్రెజరరుగా అస్సలు వద్దు.
□ ఎంత శాతం ఓట్లు వస్తే ఎన్నికైనట్టు. సగానికి ఒకటి ఎక్కువ వస్తే చాలదు. సంఘంలో నాలుగింట మూడు వంతులైనా ఉండాలని నా అభిప్రాయం.
□ తప్పు జరిగితే ఎలా తొలగిస్తారు. ఇది రాయని సంఘాలే కోర్టు మెట్లు ఎక్కుతాయి.

మీ సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే బైలాలు బయటికి తీయండి. బీరువాలో ఎక్కడో ఉంటాయి. అందులో ఎన్నిక పద్ధతి ఒకటి రాసి ఉండి, మీరు ఇంకోటి చేస్తే ఎవరైనా దాన్ని సవాలు చేయవచ్చు.

స్త్రీల సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకోండి. దీనిలో సంఘానికీ సంఘానికీ అభిప్రాయ భేదం ఉంది. సీఎస్ఐలో స్త్రీలు గురువులుగా ఉన్నారు, 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు. ఒప్పుకోని సంఘాలు చాలా ఉన్నాయి. మీ నిర్ణయం ఏదైనా రాసిపెట్టండి. ఇళ్లకు తిరిగే పని అంతా అక్కల చేత చేయించుకుని, పేరు అడిగేసరికి వాక్యం చూపించడం మాత్రం న్యాయం కాదు.

3. ఇరవై ఆరు వారాల కాలపట్టిక

1–2 వారాలు: పని పత్రం, నియమాలు, ఐదుగురి ఎంపిక బృందం
3–4: ఆదివారం బోధలో 1 తిమోతి 3, తీతు 1, అపొ. కార్య. 6
5: పేర్ల సేకరణ
6–8: అభ్యర్థులతో మొదటి మాట, వాళ్ల ఒప్పుదల
9–20: పరిశీలన, పదవి లేకుండా పని
21: ముఖాముఖి
22–23: సంఘం ముందు పేర్లు, అభ్యంతరాలు
24: ఓటింగు
25: ఉపవాస ప్రార్థన
26: అభిషేకం

ఎంపిక బృందంలో పాస్టర్ గారు, ఇప్పటి పెద్దలు ఇద్దరు, ఒక సహోదరి, ఒక యవ్వనస్థుడు ఉంటే చాలు. బృందంలో ఎవరి బంధువు పేరు వచ్చినా వాళ్లు అక్కడితో తప్పుకోవాలి.

4. పేర్లు చీటీల మీద రాయించండి

ఆరాధన అయ్యాక "ఎవరినన్నా చెప్పండి" అని మైకులో అడిగితే గట్టి గొంతున్నవాళ్ల పేర్లే వస్తాయి. ముందు వరుసలో కూర్చున్న ఆయన్ని కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

చీటీ మీద రెండు గీతలు చాలు. ఒకటి పేరుకు, రెండోది కారణానికి. "ఈయన ఇప్పటికే ఏ పని చేయడం మీరు చూశారు?" అని అడగండి. "భక్తిపరుడు" అని రాసిన చీటీ పక్కన పెట్టండి. "మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాలుగు రాత్రులు తోడున్నాడు" అని రాసిన చీటీ జాగ్రత్త చేయండి.

రాయడం రానివాళ్ల దగ్గరికి బృందంలోని సహోదరి వెళ్లి అడిగి రాసుకోవాలి. మా సంఘంలో మనుషుల గురించి సరైన అంచనా ఉన్నది వాళ్లకే అని నాకు చాలాసార్లు అనిపించింది. ఆదివారం వెనక చాప మీద కూర్చుని అందరినీ చూస్తుంటారు.

చీటీలు వచ్చాక ఒక చేదు ప్రశ్న వేసుకోండి. వచ్చిన పేర్లన్నీ ఒకే కులం, ఒకే ఇంటిపేరు, ఒకే వీధి వాళ్లవేనా? అపొ. కార్య. 6లో సణుగుడు గ్రీకు భాష మాట్లాడే యూదుల నుంచి వచ్చింది. అక్కడ ఎంపికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నష్టపోయినవాళ్ల మాట వినిపించేలా ఎంచుకున్నారు. మీ దగ్గర కొత్తగా చేరిన కుటుంబాల నుంచి ఒక్క పేరూ రాకపోతే బృందం వాళ్లింటికి వెళ్లి మళ్లీ అడగాలి.

5. పరిశీలన: పన్నెండు వారాలు, పదవి లేకుండా పని

అసలు పని ఇదే. పరిచారకులను మొదట పరీక్షించమని 1 తిమోతి 3:10 చెబుతుంది. పరీక్ష అంటే రహస్యంగా వెంట తిరగడం కాదు. "అన్నయ్యా, మూడు నెలలు ఈ పని మీరు చూడండి, మేము మీతో ఉంటాం, ఇంటికొచ్చి మాట్లాడతాం, నలుగురినీ అడుగుతాం" అని ముందే చెప్పి చేయండి. అది విని చిన్నబుచ్చుకున్న మనిషి మీ పని తేలిక చేసినట్టే.

*5.1 డబ్బు దగ్గర*

ఆదివారం కానుకల సంచి చాప మీద కుమ్మరించి లెక్కపెట్టే చోట కూర్చోబెట్టండి, ఇంకొకరితో కలిసి. మా దగ్గర ఒకసారి రెండో లెక్కలో నలభై రూపాయలు తక్కువ వచ్చింది. ఒకాయన "పోనీలెండి, ఆలస్యమవుతోంది" అని సొంత జేబులోంచి రెండు ఇరవైలు తీసి పెట్టాడు. పక్కనున్న కుర్రాడు "వద్దు బ్రదర్, మళ్లీ లెక్కపెడదాం" అన్నాడు. పది రూపాయల నాణేలు నాలుగు చాప మడతలో దొరికాయి.

అందరికీ మొదటాయన ఉదారంగా కనిపించాడు. నాకు మాత్రం కుర్రాడే నచ్చాడు. ఈ రోజు తేడాను జేబులోంచి పూడ్చే అలవాటు, రేపు జేబు తేడాను సంచిలోంచి పూడ్చే అలవాటు కావడానికి ఎక్కువ దూరం లేదు.

నేనిలా మాట్లాడటానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మా సంఘంలో ట్రెజరరును ఆరాధన చివర ఐదు నిమిషాల్లో, చేతులెత్తించి పెట్టుకున్నాం. ప్రతిపాదించింది నేనే. స్లాబు కోసం వచ్చిన చందాలు ఆయన ఎరువుల కొట్టు డబ్బులో కలిసిపోయాయి. దొంగ కాదు, లెక్క రాయడం రాని మనిషి. ఎంత సంఘానిదో ఎంత కొట్టుదో ఆయనకే తెలియలేదు. తేల్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా ఏడు కుటుంబాలు వెళ్లిపోయాయి.

*5.2 వీధిలో*

సంఘానికి వెలుపటివారి చేత మంచి సాక్ష్యం ఉండాలి (1 తిమోతి 3:7). అంటే బయటివాళ్లను అడగాల్సిందే: కిరాణా షాపు, ఇంటి యజమాని, తోటి ఉద్యోగి, పక్క పొలం రైతు.

ఒకసారి ఒక సహోదరుడి పేరు దాదాపు అన్ని చీటీల్లో వచ్చింది. ఆయన ప్రార్థన చేస్తే వినేవాళ్ల కళ్లు చెమ్మగిల్లేవి. వీధి చివర కిరాణా షాపాయన్ని అడిగితే, "మంచాయనేనండీ. నా ఖాతా పుస్తకం మాత్రం చూడకండి" అని నవ్వాడు. మేము పుస్తకం అడగలేదు, అడగకూడదు కూడా. నేరుగా సహోదరుడి దగ్గరికే వెళ్లాం. పద్నాలుగు నెలల బాకీ ఉందని తనే చెప్పి తప్పుకున్నాడు. ఏడాదిన్నరలో తీర్చాడు. తర్వాతి విడతలో పెద్ద అయ్యాడు.

అప్పు ఉండటం దోషం కాదు. అప్పు దాచడం, అప్పిచ్చినవాడిని తప్పించుకు తిరగడం చూడాలి.

*5.3 ఇంట్లో*

సొంత ఇంటిని చక్కగా ఏలేవాడై ఉండాలని వాక్యం (1 తిమోతి 3:4–5). దీన్ని "పిల్లలు ఫస్ట్‌క్లాసులో పాసవ్వాలి" అని చదవొద్దు. ఇంట్లో వాళ్లకు ఆయనంటే భయమా, గౌరవమా అన్నది చూడండి.

భార్యతో మాట్లాడేది సహోదరీలే కావాలి, అదీ ఆయన ఇంట్లో లేనప్పుడు. "ఆయనకి కోపమొస్తే ఇంట్లో ఎలా ఉంటుందమ్మా? మీరు కాదన్న విషయం ఏదన్నా ఆయన విన్నారా? ఈ బాధ్యత ఆయనకి రావడం మీకు ఇష్టమేనా?" ఈ మూడు ప్రశ్నలు చాలు. మూడోదానికి "మీ ఇష్టం, ఆయన ఇష్టం" అంటే ఆగండి. ఆమె ఇష్టం ఇంకా చెప్పలేదు.

*5.4 నోటి దగ్గర*

కొంతమందికి రహస్యం చెబితే 'ప్రార్థన అంశం' పేరుతో సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. గృహ కూడిక అప్పగించి మూడు నెలలు చూస్తే ఇది దానంతటదే బయటపడుతుంది.

*5.5 పిల్లల దగ్గర*

సండే స్కూలు, యవ్వనస్థుల పరిచర్య అప్పగించే ముందు పాత సంఘానికి ఫోను చేసి, అక్కడి నుంచి ఎందుకు వచ్చారో అడగండి. పెద్దవాళ్లెవరూ మూసిన గదిలో ఒక్క పిల్లతోగానీ పిల్లాడితోగానీ ఒంటరిగా ఉండకూడదన్న నియమం అందరికీ పెట్టండి, పాస్టర్ గారితో సహా. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. 'సంఘం పరువు' అంటూ లోపల సర్దుకోవడం నేరం.

6. ముఖాముఖి

గంట చాలు. టీ ఇచ్చి, మామూలుగా మాట్లాడినట్టే అడగండి:

□ ఈ పనికి ఎందుకు ఒప్పుకున్నారు?
□ రక్షణ, బాప్తిస్మం, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) గురించి పదేళ్ల పిల్లాడికి చెప్పినట్టు చెప్పండి.
□ పాస్టర్ గారితో మీకు కుదరని విషయం ఒకటి చెప్పండి. అది ఆయనకి చెప్పారా?
□ మీ సొంత తమ్ముడే తప్పు చేసి బల్లకు దూరంగా ఉండాల్సివస్తే ఏం చేస్తారు?
□ కోర్టు కేసులు, హామీ సంతకాలు, రాజకీయ పార్టీ పదవులు ఉన్నాయా?
□ ఏ ఆదివారాలు రాలేరు?

మూడో ప్రశ్నకు "అయ్యగారితో నాకెప్పుడూ తేడా రాలేదండీ" అన్న జవాబు విని అయ్యగారు సంతోషిస్తారు. బృందం సంతోషించకూడదు. "ఈ వాక్యం నాకు తెలియదు, చదివి చెబుతాను" అన్న జవాబుకు మాత్రం ఎక్కువ మార్కులు వేయండి.

7. సంఘం ముందు పేర్లు, అభ్యంతరాలు, ఓటు

రెండు ఆదివారాలు పేర్లు చదవండి. అభ్యంతరం ఉన్నవాళ్లు సంతకంతో రాసివ్వాలి, లేదా ఇద్దరు బృంద సభ్యుల ముందు చెప్పాలి. పెద్ద మీద ఆరోపణను ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే తీసుకోమని 1 తిమోతి 5:19. ఆకాశరామన్న ఉత్తరం వస్తే దాని మీద ఎవరినీ తీసేయకండి. అందులో తేదీ, చోటు, మొత్తం లాంటి వివరాలుంటే మాత్రం మీ అంతట మీరు విచారించండి. పిల్లలకు, స్త్రీలకు హాని జరిగిందన్న మాటకు సాక్షుల లెక్క అడ్డం పెట్టొద్దు, అది వెంటనే చూడాల్సిందే.

ఓటు రహస్యంగా, ఒక్కో పేరుకు అవును/కాదు అని విడివిడిగా పెట్టండి. ఇద్దరి మధ్య పోటీ పెడితే ఓడినాయన వర్గం సోమవారానికే తయారవుతుంది. కొన్నిచోట్ల, అపొ. కార్య. 1లో యూదా స్థానంలో మత్తీయను ఎంచినట్టు, చీట్లు వేస్తారు. అక్కడ కూడా అర్హులైన ఇద్దరిని ముందే వడపోశాకే చీట్లు పడ్డాయని గుర్తుంచుకోండి.

8. అభిషేక ఆరాధన వరుస

అభిషేకం అనే మాట వాడుతున్నాం గాని, కొత్త నిబంధనలో పెద్దల నియామకం దగ్గర కనిపించేది ఉపవాసం, ప్రార్థన, చేతులుంచడం. నూనె మీ సంఘ ఆచారమైతే వాడుకోండి. అది లేకపోతే అభిషేకం చెల్లదని మాత్రం ఎవరైనా అంటే కంగారు పడకండి.

1) ముందురోజు ఉపవాస ప్రార్థన, అభ్యర్థులూ కుటుంబాలూ ఉండాలి
2) పాటలు, వాక్యం (ఇరవై నిమిషాలు దాటకుండా అతిథి బోధకుడికి ముందే చెప్పండి)
3) ఎంపిక ఎలా జరిగిందో సెక్రటరీ చదవాలి
4) అభ్యర్థికి ప్రశ్నలు: విశ్వాసం, నడవడి, డబ్బు విషయంలో లెక్క చెప్పడం
5) సంఘానికి ప్రశ్న: సహకరిస్తారా, ప్రార్థిస్తారా? సంఘం నిలబడి జవాబివ్వాలి
6) అభ్యర్థి మోకరించగా పాస్టర్ గారు, పెద్దలు, పొరుగు సంఘ కాపరి ఒకరు చేతులుంచి ప్రార్థన
7) బైబిలు, నియామక పత్రం ఇవ్వడం, రిజిస్టరులో సంతకాలు
8) ప్రభు బల్ల

గజమాలలు, శాలువాలు, నిలువెత్తు ఫ్లెక్సీలు వద్దు. అభిషేకం కన్నా ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పెద్దదన్న గొడవే ఎక్కువకాలం గుర్తుండిపోయిన సంఘాలు నాకు తెలుసు.

పాస్టర్‌గా అభిషేకిస్తుంటే ఇంకో మాట. అభిషేక పత్రం చేతికొచ్చినంత మాత్రాన పెళ్లిళ్లు జరిపించే హక్కు రాదు. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం బిషప్పు చేత అభిషేకం పొందిన గురువులు తమ సంఘ పద్ధతిలో జరిపించవచ్చు. స్వతంత్ర సంఘ పాస్టరు ప్రభుత్వ లైసెన్సు తీసుకోవాలి. ఇది తెలియక జరిపించిన పెళ్లికి ఇబ్బంది వచ్చేది వీసా దగ్గరో, పింఛను దగ్గరో, ఆ దంపతులకు.

9. మొదటి తొంభై రోజులు

□ తాళాలు, రిజిస్టర్లు, రసీదు పుస్తకాలు జాబితా రాసి అప్పగించాలి
□ బ్యాంకు ఖాతా సంఘం పేరున, ఇద్దరి సంతకాలతో
□ రిజిస్టర్డ్ సొసైటీ అయితే కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రారుకు
□ నెలకో సమావేశం, మినిట్స్ తప్పనిసరి
□ పాత పెద్ద ఒకరు ప్రతి కొత్త పెద్దకు తోడు
□ తొంభయ్యో రోజున పని పత్రం ముందు పెట్టుకుని కలిసి కూర్చోవడం

10. తరచు జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

*బాగా ఇచ్చే దాతను పెద్దను చేయడం.* కృతజ్ఞత చెప్పడానికి ఉత్తరం ఉంది. పదవి అక్కర్లేదు.

*బాప్తిస్మం తీసుకున్న ఏడాదికే పదవి.* కొత్తగా చేరినవాడు వద్దని 1 తిమోతి 3:6. ఉత్సాహం ఉంటే పని ఇవ్వండి, పదవి ఆపండి.

*పాస్టర్ గారి అబ్బాయి తర్వాతి పాస్టర్ అని ముందే అనుకోవడం.* ఆ అబ్బాయి అర్హుడే కావచ్చు. అతన్నీ ఇదే ఇరవై ఆరు వారాల గుండా పంపండి, ఆ కాలమంతా నాన్నగారు బృందంలో ఉండకూడదు.

*అర్హులు దొరకలేదు.* చోటు ఖాళీగా వదిలేయండి. ఐదుగురు కావాల్సిన చోట ముగ్గురితో నడపవచ్చు.

*ఇప్పటికే తప్పు మనిషికి చేతులుంచాం.* తప్పు ఏ రకమో ముందు చూడండి. పని రాకపోతే నేర్పండి లేదా పని మార్చండి. నడవడి తప్పితే ఇద్దరు వెళ్లి మాట్లాడండి, రాతపూర్వకంగా గడువు ఇవ్వండి, మారకపోతే మీ నియమం ప్రకారం తొలగించి సంఘానికి ఒక్క వాక్యంలో చెప్పండి. డబ్బు పోయుంటే ఖాతా సంతకం ఆ రోజే మార్చండి, మిగతా మాటలు తర్వాత.

*తేదీ ఖరారైంది, అతిథి బోధకుడికి చెప్పేశాం, ఫ్లెక్సీ కూడా వచ్చేసింది.* ఆ ఆదివారాన్ని రద్దు చేయొద్దు. బోధకుడు రానీ, 1 తిమోతి 3 బోధించనీ. ఆ రోజే ఎంపిక బృందాన్ని ప్రకటించి, కాలపట్టిక చదవండి. ఫ్లెక్సీ మీద తేదీకి స్టిక్కరు అతికించడానికి షాపులో పెద్దగా తీసుకోరు.